సపోర్ట్ ప్రాజెక్టు నుంచి జావా డెవలపర్ ఉద్యోగానికి: ఏది ముందు, ఎంత లోతు

మీరు రాసినదాన్ని బట్టి మీ పరిస్థితి ఇది. ఒక సర్వీస్ కంపెనీలో మూడేళ్లుగా బిల్లింగ్ అప్లికేషన్‌కు ప్రొడక్షన్ సపోర్ట్ (వాడుకలో ఉన్న అప్లికేషన్‌లో వచ్చే సమస్యలను సరిచేసే పని) చేస్తున్నారు. అది ఇప్పటికీ జావా 8 మీదే నడుస్తోంది. బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్‌లో ఉంటూ, అక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఫుల్‌స్టాక్ కోర్సు పూర్తి చేశారు. అయినా డెవలపర్ ఉద్యోగాల ఇంటర్వ్యూలలో మొదటి టెక్నికల్ రౌండ్ దాటలేకపోతున్నారు. డేటా స్ట్రక్చర్స్ ముందు పట్టుకోవాలా, స్ప్రింగ్ బూట్ (జావా సర్వర్ అప్లికేషన్లు కట్టే చట్రం), మైక్రోసర్వీసెస్ ముందు పట్టుకోవాలా అన్నది మీ మొదటి ప్రశ్న. ఇన్‌స్టిట్యూట్ వారు సలహా ఇస్తున్నట్టు మూడేళ్ల సపోర్ట్‌ను డెవలప్‌మెంట్ అని రెజ్యూమెలో రాసుకోవచ్చా అన్నది రెండవది.

నేను బెంగళూరులో ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న ఒక ప్రొడక్ట్ కంపెనీలో జావా బ్యాకెండ్ బృందాన్ని చూస్తున్నాను. మూడు నుంచి ఆరేళ్ల అనుభవం ఉన్నవారిని ఇంటర్వ్యూ చేయడం చాలా ఏళ్లుగా నా పనిలో భాగం కాబట్టి, ప్రశ్న అడిగేవారు ఏం వెతుకుతారో చెప్పగలను. మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం: రెండూ కాదు, ముందు కోర్ జావా. దానితో పాటు రోజుకు ఒక గంట డేటా స్ట్రక్చర్స్ సమస్యలు సాధించండి, స్ప్రింగ్ బూట్‌ను ఆ తర్వాత పెట్టుకోండి. రెండవ ప్రశ్నకు: రాసుకోవద్దు, దానికి కారణాలు కింద చెబుతాను. వీటికన్నా ముఖ్యమైనది మీరు అడగని విషయం ఒకటి ఉంది. మూడేళ్లుగా మీరు మూసిన టికెట్లే (పరిష్కరించిన ఫిర్యాదులే) మీ దగ్గరున్న అసలు సరుకు, దాన్ని మీరు దాచిపెట్టాలని చూస్తున్నారు.

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకు దాదాపు అందరూ సరిగానే జవాబు చెబుతారు. ప్రశ్నల జాబితాలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి, కనుక ఆ జవాబుకు విలువ లేదు. అసలు పరీక్ష రెండో ప్రశ్న దగ్గర మొదలై మూడో ప్రశ్న దగ్గర తేలిపోతుంది. కీ ఇస్తే దాని విలువను వెతికి ఇచ్చే హ్యాష్‌మ్యాప్ ఎలా పనిచేస్తుందని అడిగితే, మొదటి సామర్థ్యం 16 అనీ, లోడ్ ఫ్యాక్టర్ 0.75 అనీ, ఒకే బకెట్‌లో (అరలో) ఎంట్రీలు ఎనిమిది దాటితే లింక్డ్ లిస్ట్ కాస్తా ట్రీగా మారుతుందనీ గుక్క తిప్పుకోకుండా చెబుతారు. అప్పుడు నేను ఇలా అడుగుతాను: కస్టమర్ ఆబ్జెక్టును కీగా పెట్టారు, దాని హ్యాష్‌కోడ్ (ఏ బకెట్‌లో పెట్టాలో తేల్చే సంఖ్య) ఫోన్ నంబర్ మీద ఆధారపడి ఉంది, మ్యాప్‌లో పెట్టాక ఆ ఆబ్జెక్టులో ఫోన్ నంబర్ మార్చారు, ఇప్పుడు అదే ఆబ్జెక్టుతో గెట్ చేస్తే ఏమొస్తుంది? నల్ వస్తుందని సగం మంది చెబుతారు. సరే, పాత ఫోన్ నంబర్‌తో కొత్త కస్టమర్ ఆబ్జెక్టు తయారుచేసి దానితో వెతికితే? ఇక్కడ చాలామంది "అప్పుడు దొరుకుతుంది" అంటారు. దొరకదు. హ్యాష్ సరిపోతుంది, సరైన బకెట్‌కే వెళ్తుంది, కానీ అక్కడున్న కీలో నంబర్ ఇప్పటికే మారిపోయింది కాబట్టి రెండు కీలు సమానమా అని చూసే ఈక్వల్స్ ఒప్పుకోదు. మరి ఎంట్రీలు పెరిగి టేబుల్ రెట్టింపైనప్పుడు అన్నీ మళ్లీ సర్దుకుంటాయి కదా, అప్పుడైనా ఈ ఎంట్రీ తన సరైన చోటికి వెళ్తుందా? వెళ్లదు, ఎందుకంటే కీని పెట్టినప్పుడు లెక్కకట్టిన హ్యాష్‌నే ప్రతి నోడ్ తనలో దాచుకుని, టేబుల్ పెరిగినప్పుడు దాన్నే వాడుకుంటుంది; హ్యాష్‌కోడ్ మెథడ్‌ను మళ్లీ పిలవదు. ఆ ఎంట్రీ సైజులో లెక్కకు వస్తుంది, మ్యాప్ మొత్తం తిరిగితే కనిపిస్తుంది, అడిగితే మాత్రం దొరకదు, రిమూవ్ చేసినా పోదు. ఇలాంటి మ్యాప్ ఒక స్టాటిక్ ఫీల్డ్‌లో ఉంటే ప్రొడక్షన్‌లో ఏమవుతుందన్నది నా చివరి ప్రశ్న. మెమరీ నెమ్మదిగా నిండి, కొన్ని రోజులకొకసారి సర్వర్ పడిపోతుంది. ఆ పడిపోవడాన్ని కళ్లారా చూసినవారు మీరు. కోడ్ మాత్రమే రాసినవారిలో చాలామంది చూడలేదు.

కాబట్టి చదివే పద్ధతి మార్చుకోవాలి. ఒక అంశం తీసుకుని, దాని మీద ముప్పై నలభై పంక్తుల ప్రోగ్రాం రాసి, అది ఎక్కడ విరుగుతుందో విరగ్గొట్టి చూడండి. పైన చెప్పిన కస్టమర్ ఉదాహరణను ఈ రాత్రే రాసి నడపవచ్చు. తర్వాత జావా కిట్ అయిన జేడీకేతో పాటు వచ్చే సోర్స్‌ను, కోడ్ రాసే ఐడీఈలో తెరిచి, హ్యాష్‌మ్యాప్‌లో పుట్‌వాల్ అనే మెథడ్‌నూ, అది పిలిచే ట్రీఫై బిన్ అనే మెథడ్‌నూ చదవండి. అక్కడ ఒక విశేషం మీ కంట పడుతుంది: బకెట్‌లో ఎంట్రీలు ఎనిమిది దాటినా, టేబుల్ పరిమాణం 64 కన్నా తక్కువగా ఉంటే ట్రీ కట్టరు, టేబుల్‌నే పెంచుతారు. జాబితాలు కంఠస్థం చేసినవారు ఈ మాట చెప్పరు. చెప్పినవారు సోర్స్ తెరిచి చూశారని అవతల కూర్చున్నవారికి వెంటనే అర్థమవుతుంది.

స్ట్రింగ్ పూల్, ఎక్సెప్షన్లు, జెనరిక్స్, స్ట్రీమ్స్, ఇంటర్‌ఫేస్‌కూ అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌కూ తేడా వంటివాటికి రెండు వారాలు చాలు. ఇంటీజర్ ఆబ్జెక్టులను == తో పోల్చితే 127 దగ్గర సరిపోయి 128 దగ్గర సరిపోకపోవడం లాంటి చిన్న ఉచ్చులు తెలిసి ఉండాలి. -128 నుంచి 127 వరకు ఆబ్జెక్టులు ముందే తయారై ఉండి, అవే తిరిగి ఇస్తారు కాబట్టి అలా జరుగుతుంది. ఇంతకుమించి వీటిలో కాలం పోయనక్కరలేదు.

కాలం పోయవలసింది థ్రెడ్ల (ఒకేసారి నడిచే పని వరుసల) దగ్గర. మూడేళ్ల అనుభవం పైబడినవారిని వడకట్టేది ఎక్కువగా ఇక్కడే. కౌంట్ ప్లస్ ప్లస్ అనే ఒక్క పంక్తి నిజానికి చదవడం, కూడడం, రాయడం అనే మూడు పనులనీ, వోలటైల్ అని పెడితే మారిన విలువ ఇతర థ్రెడ్లకు కనిపిస్తుందే తప్ప ఆ మూడు పనులూ ఒక్కటైపోవనీ తెలియాలి. పది థ్రెడ్లతో ఒక్కొక్కటి లక్షసార్లు పెంచే ప్రోగ్రాం రాస్తే పది లక్షలు రాకపోవడం కంటితో చూస్తారు; తర్వాత ఆ మూడు పనులనూ ఒక్కటిగా చేసే అటామిక్ ఇంటీజర్‌తో మార్చి చూడండి.

పనులను పంచుకునే థ్రెడ్ల గుంపు, అంటే థ్రెడ్ పూల్ మీద నేను తరచుగా ఇచ్చే లెక్క ఒకటి ఉంది. కోర్ థ్రెడ్లు 5, గరిష్ఠం 10, క్యూలో 100 పట్టే చోటు ఉన్న థ్రెడ్‌పూల్ ఎగ్జిక్యూటర్‌కు ఒక్కసారిగా 50 పనులు వచ్చాయి, ఏదీ ఇంకా పూర్తికాలేదు. ఎన్ని థ్రెడ్లు నడుస్తున్నాయి? పది అని చాలామంది టక్కున చెబుతారు. ఐదే. కోర్ నిండాక వచ్చే పనులు క్యూలోకి వెళ్తాయి, క్యూ కూడా నిండాకే ఆరో థ్రెడ్ పుడుతుంది. మరి 120 పనులు వస్తే? ఐదు నడుస్తాయి, వంద క్యూలో కూర్చుంటాయి, తర్వాతి ఐదింటికి కొత్త థ్రెడ్లు పుడతాయి, మిగిలిన పదింటినీ పూల్ తిరస్కరించి ఎక్సెప్షన్ విసురుతుంది. దీని వెనుకే ఇంకో ప్రశ్న వస్తుంది: ఎగ్జిక్యూటర్స్ క్లాస్‌లోని న్యూ ఫిక్స్‌డ్ థ్రెడ్ పూల్ వాడితే ఏ ప్రమాదం ఉంది? దాని క్యూకు హద్దు లేదు, పనులు వచ్చే వేగం పూర్తయ్యే వేగాన్ని మించితే తిరస్కరణ ఎప్పటికీ జరగదు, మెమరీయే నిండుతుంది.

ఇలాంటిదే మీరు సపోర్ట్‌లో తప్పకుండా చూసి ఉండవలసిన ఇంకొక విషయం చెబుతాను. షెడ్యూల్డ్ ఎగ్జిక్యూటర్‌తో పదినిమిషాలకొకసారి నడిచే జాబ్ ఒక రాత్రి చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, సర్వర్ బాగానే ఉంటుంది, రీస్టార్ట్ చేస్తే జాబ్ మళ్లీ నడుస్తుంది, టికెట్ మూసేస్తారు. స్కెడ్యూల్ ఎట్ ఫిక్స్‌డ్ రేట్‌తో పెట్టిన పని ఒక్కసారి ఎక్సెప్షన్‌తో బయటికి వస్తే తర్వాతి పరుగులన్నీ రద్దవుతాయి. ఆ ఎక్సెప్షన్ ఫ్యూచర్ ఆబ్జెక్టులో ఉండిపోతుంది, దాన్ని ఎవరూ అడగరు కాబట్టి లాగ్‌లోకి రాదు. మీ పాత టికెట్లలో "రీస్టార్ట్ చేశాము, సరిపోయింది" అని రాసి ఉన్నవన్నీ వెతికి తీయండి. వాటిలో ఒక నాలుగైదింటికి అసలు కారణం ఇప్పుడు కనుక్కుంటే, అంతకన్నా మంచి ఇంటర్వ్యూ సన్నాహం నాకు తెలిసి లేదు.

ఒక ఉదాహరణను చివరిదాకా నడిపి చూపుతాను. నెలాఖరున బిల్లింగ్ పరుగు మొదలైన అరగంటకు అప్లికేషన్ స్పందించడం మానేసింది, సీపీయూ మాత్రం పది శాతం కూడా లేదు అనుకుందాం. సీపీయూ ఖాళీగా ఉండి జవాబులు రావడం లేదంటే థ్రెడ్లు దేనికోసమో ఎదురుచూస్తున్నాయని అర్థం, కనుక రీస్టార్ట్‌కు ముందు చేయవలసిన పని జేస్టాక్‌తో గాని, జేసీఎండీతో గాని ఐదారు సెకన్ల తేడాలో మూడు థ్రెడ్ డంప్‌లు (ఏ థ్రెడ్ ఎక్కడ ఆగిందో చూపే నివేదికలు) తీసుకోవడం. స్ప్రింగ్ బూట్‌లో ఉండే టామ్‌క్యాట్ వెబ్ సర్వర్‌కు గరిష్ఠ థ్రెడ్ల డిఫాల్ట్ 200. ఆ రెండు వందలలో అత్యధిక భాగం డేటాబేస్ కనెక్షన్లను అప్పిచ్చే హికారీ పూల్ దగ్గర గెట్ కనెక్షన్‌లో నిలబడి ఉన్నాయి. లాగ్‌లో కనెక్షన్ అందుబాటులో లేదు, 30,000 మిల్లీసెకన్ల తర్వాత గడువు ముగిసింది అనే సందేశం వరుసగా కనిపిస్తోంది. ఆ ముప్పై సెకన్లూ, పూల్‌లో పది కనెక్షన్లూ హికారీ డిఫాల్ట్‌లే. మరి ఆ పది కనెక్షన్లనూ పట్టుకున్నది ఎవరు? డంప్‌లో మిగిలిన పది థ్రెడ్లను చూస్తే అవన్నీ సాకెట్ రీడ్‌లో ఉన్నాయి, డేటాబేస్ సాకెట్ మీద కాకుండా బయటి ట్యాక్స్ సర్వీస్‌ను పిలిచిన హెచ్‌టీటీపీ సాకెట్ మీద. కోడ్ తెరిస్తే ట్రాన్సాక్షనల్ అని రాసి ఉన్న మెథడ్ లోపలే ఆ బయటి పిలుపు ఉంది. ట్రాన్సాక్షన్ మొదలవుతూనే కనెక్షన్ తీసుకుంది, బయటి సర్వీస్ జవాబిచ్చేదాకా దాన్ని వదలలేదు. పది కుర్చీలున్న మెస్‌లో పదిమందీ భోజనం ముగించి, లేవకుండా ఫోన్ మాట్లాడుతూ కూర్చున్నట్టు.

ఇక్కడ అంకెలు చెప్పగలిగితే మీ మాటకు బరువు వస్తుంది. బయటి సర్వీస్ మామూలుగా 200 మిల్లీసెకన్లలో జవాబిస్తే పది కనెక్షన్లతో సెకనుకు 50 అభ్యర్థనల దాకా నడుస్తాయి; ఆ సర్వీస్ నెమ్మదించి 5 సెకన్లు తీసుకుంటే అదే పూల్ సెకనుకు రెండింటిని మాత్రమే దాటించగలదు. పూల్‌ను 50కి పెంచితే సెకనుకు పది అవుతాయి, భారం డేటాబేస్ మీదికి కొంత జరుగుతుంది, కారణం అలాగే ఉంటుంది. బయటి పిలుపును ట్రాన్సాక్షన్ వెలుపలికి తేవడం, దానికి రీడ్ టైమ్‌అవుట్ పెట్టడం అసలు మందు. పిలుపు బయటికి వచ్చాక పన్ను లెక్క వచ్చి, డేటాబేస్‌లో రాయడం విఫలమైతే ఏం చేస్తారని నేను తప్పకుండా అడుగుతాను; అక్కడ మొదలయ్యే చర్చే మీ సిస్టమ్ డిజైన్ రౌండ్. మూడేళ్ల అనుభవంలో ఇలాంటి కథనం ఒక్కటి, సొంతంగా చూసినది, ఏ వైపు నుంచి ప్రశ్నించినా నిలబడేది ఉంటే చాలు. ఆ దిద్దుబాటు కోడ్ మీరు కాక మరొకరు రాసి ఉంటే ఆ మాటే చెప్పండి. కారణం కనుక్కున్నది మీరైతే దాని విలువ తగ్గదు.

మెమరీ సంగతి కూడా ఇదే దారిలో చదవండి. ఆబ్జెక్టులుండే హీప్ నిండడం వేరు, క్లాసుల వివరాలుండే మెటాస్పేస్ నిండడం వేరు, కొత్త థ్రెడ్‌కు చోటు లేకపోవడం వేరు. మూడింటికీ వచ్చేది అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రరే, పక్కనున్న సందేశం మాత్రం మారుతుంది. కంటైనర్ 137 కోడ్‌తో చనిపోతే జావా లాగ్‌లో ఏ ఎర్రరూ ఉండకపోవచ్చు, ఎందుకంటే చాలాసార్లు దాన్ని చంపింది మెమరీ హద్దు దాటిందని చూసిన లైనక్స్ కెర్నల్. హీప్ డంప్ తీసి ఎక్లిప్స్ మెమరీ ఎనలైజర్‌లో ఒక్కసారైనా తెరిచి చూడండి. వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ల పేర్లన్నీ అప్పజెప్పనక్కరలేదు. జావా 9 నుంచి జీ1 డిఫాల్ట్ అయిందనీ, జావా 8లో సర్వర్ల మీద మామూలుగా నడిచేది ప్యారలల్ కలెక్టర్ అనీ, ఆగే సమయానికీ మొత్తం పని వేగానికీ మధ్య బేరం ఎలా కుదురుతుందో తెలిస్తే మీ స్థాయికి సరిపోతుంది.

జావా 8 మీదే మూడేళ్లు గడిపానన్న బెంగ మీ మాటల్లో కనిపించింది. జావా 8 వచ్చింది 2014 మార్చిలో. ఆ తర్వాత దీర్ఘకాలిక మద్దతు ఉన్న వెర్షన్లుగా 11, 17, 21 వచ్చాయి, 2025 సెప్టెంబరులో 25 వచ్చింది. స్ప్రింగ్ బూట్ 3కు కనీసం జావా 17 కావాలి, పైగా జావాఎక్స్ ప్యాకేజీలలో చాలా వాటి పేర్లు జకార్తాగా మారాయి, అందుకే చాలా కంపెనీలలో ఆ మార్పిడి పెద్ద పనిగా సాగింది. మీరు రికార్డులు, సీల్డ్ క్లాసులు, స్విచ్‌లో ప్యాటర్న్ మ్యాచింగ్, టెక్స్ట్ బ్లాకులు వారాంతంలో నేర్చుకోవచ్చు. జావా 21లో స్థిరపడిన తేలికపాటి వర్చువల్ థ్రెడ్లకు మాత్రం కొంచెం శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే ఇప్పుడు వాటి మీద ప్రశ్న రాని రౌండ్ తక్కువ. వర్చువల్ థ్రెడ్లు వాడితే పైన చెప్పిన బిల్లింగ్ సమస్య తీరుతుందా అని అడిగారనుకోండి. తీరదు: ఎదురుచూసే థ్రెడ్లు చౌక అవుతాయి, కనెక్షన్లు మాత్రం పదే ఉంటాయి. సింక్రొనైజ్డ్ బ్లాక్ లోపల ఆగిపోతే కింది అసలు థ్రెడ్‌ను కూడా పట్టుకుని ఉండే ఇబ్బంది 21లో ఉండేది, 24లో దాన్ని తొలగించారు. ఇంత చెప్పగలిగితే జావా 8 గురించి మిమ్మల్ని ఎవరూ తక్కువగా చూడరు.

స్ప్రింగ్‌లో ఎనోటేషన్ల పేర్లు అందరికీ వస్తాయి, వాటి వెనుక ప్రాక్సీ (అసలు ఆబ్జెక్టు ముందు నిలబడి పిలుపులను అందుకునే ఆబ్జెక్టు) ఉందన్న ఎరుక కొందరికే ఉంటుంది. ఒకే క్లాస్‌లో ఒక మెథడ్ నుంచి ట్రాన్సాక్షనల్ అని రాసిన ఇంకో మెథడ్‌ను నేరుగా పిలిస్తే ట్రాన్సాక్షన్ ఎందుకు మొదలుకాదో, చెక్డ్ ఎక్సెప్షన్ వస్తే డిఫాల్ట్‌గా రోల్‌బ్యాక్ (చేసిన మార్పుల రద్దు) ఎందుకు జరగదో చిన్న ప్రాజెక్టులో చేసి చూడండి. ఆబ్జెక్టులను డేటాబేస్ పట్టికలతో కలిపే హైబర్నేట్‌లో ఎస్‌క్యూఎల్ లాగ్ ఆన్ చేసి, ఇన్‌వాయిస్‌ల జాబితా ఒకటి తెచ్చి, ప్రతి ఇన్‌వాయిస్‌కూ మళ్లీ ఒక క్వెరీ వెళ్లడం కళ్లారా చూస్తే ఎన్ ప్లస్ వన్ సమస్యను ఇక చదవనక్కరలేదు. కాఫ్కా, కుబర్నెటిస్, సర్క్యూట్ బ్రేకర్ అంటూ వాడని పేర్లతో రెజ్యూమె నింపకండి. రాసిన ప్రతి పేరూ నాకు ప్రశ్న అడిగే హక్కు ఇస్తుంది. ఎస్‌క్యూఎల్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. తేదీ కాలమ్ మీద ఇండెక్స్ ఉండి కూడా, వేర్ క్లాజులో దాన్ని ఒక ఫంక్షన్‌లో చుట్టినందువల్ల ఆ ఇండెక్స్ పనికిరాకుండా పోవడం మీలాంటి సపోర్ట్ ఇంజనీర్లకు చాలా పరిచయమైన జబ్బు, అదే ప్రశ్నగా వస్తుంది.

ఇక అల్గారిదమ్‌లు. పెద్ద ప్రొడక్ట్ కంపెనీల తలుపు ఇవి లేకుండా తెరుచుకోదు. బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న మధ్యస్థ కంపెనీలలోనూ, విదేశీ బ్యాంకుల సొంత టెక్నాలజీ కేంద్రాలలోనూ ఒక మోస్తరు స్థాయి చాలు. అర్రేలు, స్ట్రింగులు, హ్యాష్‌మ్యాప్‌తో లెక్కలు, టూ పాయింటర్స్, స్లైడింగ్ విండో, బైనరీ సెర్చ్, స్టాక్, ట్రీలో తిరగడం, గ్రాఫ్‌లో తిరిగే పద్ధతులైన బీఎఫ్‌ఎస్, డీఎఫ్‌ఎస్, ఇవి గట్టిగా రావాలి. డైనమిక్ ప్రోగ్రామింగ్‌లో తేలికైనవి చాలు. ఐదు వందల సమస్యలు చేశానని చెప్పుకునేవారికన్నా, నూట యాభై చేసి వాటిలో దేనినైనా మళ్లీ ఖాళీ ఎడిటర్‌లో రాయగలిగినవారే రౌండ్ దాటడం నేను ఎక్కువగా చూశాను. జావాలో రాసేటప్పుడు ఉండే ఉచ్చులు విడిగా గుర్తుంచుకోండి. బైనరీ సెర్చ్‌లో రెండు హద్దులను కూడి రెండుతో భాగిస్తే, మొత్తం ఇంట్ హద్దు అయిన 2,147,483,647ను దాటినప్పుడు రుణసంఖ్య వస్తుంది. ఈ తప్పు జావా సొంత అర్రేస్ క్లాస్‌లోనే ఏళ్ల తరబడి ఉండి 2006లో అందరి దృష్టికీ వచ్చింది. కంపేరేటర్‌లో ఒకదాని నుంచి ఇంకొకటి తీసివేయడం కూడా అదే జాతి పొరపాటు. ఇంటీజర్ కంపేర్ వాడండి. ఈ రెండూ అడగకముందే మీరు సరిగ్గా రాసి, ఎందుకలా రాశారో ఒక్క వాక్యంలో చెబితే మంచి మార్కు పడుతుంది.

కోరమంగల, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ప్రాంతపు స్టార్టప్‌లలో మెషీన్ కోడింగ్ రౌండ్ కూడా ఉంటుంది. పార్కింగ్ లాట్ గాని, ఖర్చులు పంచుకునే యాప్ గాని ఇచ్చి గంటన్నరలో నడిచే కోడ్ రాయమంటారు. డేటాబేస్, స్ప్రింగ్ జోలికి పోకుండా మామూలు మ్యాపులతో, మెయిన్ మెథడ్‌లో నాలుగు సన్నివేశాలు నడిపి చూపండి. అందమైన డిజైన్ సగంలో ఆగిపోవడం కన్నా సాదా కోడ్ పూర్తిగా నడవడం మేలు. డబ్బును డబుల్ అనే దశాంశ రకంలో పెట్టారంటే అక్కడే అడుగుతారు, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది కాబట్టి. పైసలుగా లాంగ్‌లో పెట్టండి, లేదా బిగ్‌డెసిమల్ వాడండి. బిగ్‌డెసిమల్‌లో 2.0, 2.00 ఈక్వల్స్ ప్రకారం సమానం కావని, పోల్చడానికి కంపేర్‌టూ వాడాలని బిల్లింగ్‌లో పనిచేసిన మీకు తెలియకపోతే బాగుండదు.

ఇప్పుడు రెజ్యూమె విషయం. మారతహళ్లి బ్రిడ్జి చుట్టుపక్కల డబ్బు తీసుకుని అనుభవం "పెట్టిచ్చే" వారు ఉన్నారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. వేరే కంపెనీ పేరుతో అనుభవ పత్రం పుట్టించడం ఒక రకం. మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతా సంఖ్య)లో ఈపీఎఫ్‌వో (పీఎఫ్ సంస్థ) నమోదు చేసిన సర్వీస్ హిస్టరీ ఉంటుంది, ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు వదిలారో అందులో కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దాన్ని అడగడం మామూలైపోయింది. దొరికితే ఆఫర్ పోవడమే కాదు, చేరిన తర్వాత బయటపడితే ఉద్యోగమూ పోతుంది. మీకు చెబుతున్నది రెండో రకం, ఉన్న కంపెనీలోనే సపోర్ట్‌ను డెవలప్‌మెంట్‌గా మార్చి రాయడం. దీన్ని కాగితాలు వెంటనే పట్టుకోకపోవచ్చు, కానీ "మీ కోడ్ రివ్యూలో చివరిసారి ఎవరు ఏ అభ్యంతరం చెప్పారు" అన్న ఒక్క ప్రశ్న పట్టుకుంటుంది. అక్కడ తడబడితే, అప్పటిదాకా మీరు నిజం చెప్పినవి కూడా అనుమానంలో పడతాయి. ఇంటర్వ్యూ ఇంకొకరిచేత ఇప్పించే ప్రాక్సీ వ్యవహారాల గురించి మాట్లాడటం కూడా అనవసరం.

దీనికి నిజాయితీగల మార్గం ఉంది, కాస్త ఓపిక కావాలి. మీ లీడ్ దగ్గరికి వెళ్లి, మీరు కారణం కనుక్కున్న బగ్గులలో చిన్నవాటికి కోడ్ దిద్దుబాటు కూడా మీరే చేస్తానని అడగండి. డెవలప్‌మెంట్ బృందం ఎప్పుడూ వెనక్కి నెట్టే పనులు ఉంటాయి: టెస్టులు లేని క్లాసులకు జేయూనిట్ టెస్టులు రాయడం, లాగ్ సందేశాలకు ట్రాన్సాక్షన్ ఐడీ చేర్చడం, రోజూ చేతితో చేసే డేటా దిద్దుబాటుకు ఒక చిన్న టూల్ రాయడం. ఇవి అడిగితే కాదనేవారు తక్కువ. రెండు మూడు నెలల్లో మీ పేరు మీద కమిట్లు (నమోదైన కోడ్ మార్పులు) ఉంటాయి. అప్పుడు రెజ్యూమెలో "ప్రొడక్షన్ సపోర్ట్, మూలకారణ విశ్లేషణ, బగ్ ఫిక్సులు" అని రాస్తే ఒక్క అక్షరం అబద్ధం ఉండదు. నా బృందానికి అలాంటి రెజ్యూమె వస్తే నేను పక్కన పెట్టను.

భాష గురించి మీరు ఒక వాక్యంలో రాసి వదిలేశారు, ఇంగ్లీషులో చెప్పేటప్పుడు తడబడుతున్నానని. విషయం తెలియక తడబడటం వేరు, మాట దొరక్క తడబడటం వేరు. రెండింటికీ మందు ఒకటే కాదు. ఏది మీ సమస్యో తెలుసుకోవాలంటే, పీజీలో రూమ్మేట్‌ను కూర్చోబెట్టి ఆ కనెక్షన్ పూల్ కథను మొదట తెలుగులో చెప్పండి. తెలుగులోనే ఆగిపోతే విషయం ఇంకా రాలేదని అర్థం, మళ్లీ కోడ్ దగ్గరికి వెళ్లండి. తెలుగులో సాఫీగా సాగితే అదే కథను ఇంగ్లీషులో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. పొట్టి వాక్యాలు చాలు, వ్యాకరణం కోసం ఎవరూ మార్కులు వేయరు. కోడ్ రాసేటప్పుడు మౌనంగా ఉండటం మన పిల్లల్లో ఎక్కువగా కనిపించే అలవాటు. ఆలోచిస్తున్నది పైకి చెబుతూ రాయడం అలవాటు చేసుకుంటే, దారి తప్పినప్పుడు అవతలివారు ఒక చిన్న సూచన ఇవ్వగలుగుతారు.

రోజూ ఆఫీసు తర్వాత రెండు గంటలు, శని ఆదివారాల్లో ఇంకొంచెం ఎక్కువ పెట్టగలిగితే నాలుగు నెలల లెక్క వేసుకోండి. మొదటి ఆరు వారాలు కలెక్షన్లు, థ్రెడ్లు, మెమరీ. తర్వాతి నాలుగు వారాలు స్ప్రింగ్, హైబర్నేట్, ఎస్‌క్యూఎల్. మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు రోజుకో సమస్య. రెండు నెలలు నిండాక దరఖాస్తులు మొదలుపెట్టండి, అన్నీ అయ్యాకే వెళ్దామనుకుంటే ఎప్పటికీ వెళ్లరు. బాగా కోరుకునే కంపెనీలను మొదట్లోనే ఖర్చుపెట్టుకోకండి, తప్పితే మళ్లీ పిలవడానికి కొన్ని నెలల గడువు పెట్టే చోట్లు చాలా ఉన్నాయి. ప్రతి రౌండ్ తర్వాత అదే రోజు, ఏ ప్రశ్న దగ్గర ఎన్నో మెట్టులో ఆగిపోయారో రాసుకుని, మరుసటి రోజు ఆ ప్రశ్నతోనే చదువు మొదలుపెట్టండి.

మీకు తొంభై రోజుల నోటీస్ పీరియడ్ ఉందని రాశారు. వెంటనే చేరేవారు కావాలని అడిగే కంపెనీలు దీన్ని చూసి తప్పుకుంటాయి, నిజమే. అయినా చేతిలో ఆఫర్ లేకుండా రాజీనామా పెట్టమని నేను చెప్పను. కొన్ని కంపెనీలు నోటీస్ డబ్బు కట్టి ముందుగా తీసుకుంటాయి, ఆ మాట హెచ్‌ఆర్‌తో మొదటి ఫోన్‌లోనే అడగవచ్చు. మీ కంపెనీలో అలా డబ్బు కట్టించుకుని ముందుగా వదలడానికి ఒప్పుకుంటారో లేదో అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది, ఇంటర్వ్యూలు మొదలుపెట్టకముందే ఆ కాగితం తీసి చదువుకోండి.